ఆయన పంపిన మనిషి

పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకుని మా ఇంటి తలుపు ముందు నిలబడ్డాను. లోపల గొలుసు తగిలించి, నాలుగు వేళ్ళ సందు మాత్రం తెరిచి, మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మా ఆయన ఇంట్లో నేరు బాబూ. ఆయనొచ్చేక రండి."

తలుపు మూసేసింది.

మొదటిసారి అలా జరిగిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడమెందుకు, నాది ముందునుంచీ ముక్కు మీద కోపం. ఫౌజులో సుబేదారుగా పనిచేసి దిగినవాణ్ణి, నా గుమ్మంలో నన్నే నిలబెడితే ఊరుకుంటానా? తలుపు దబదబా బాదాను. "ఒసే, నేనేనే! నీ మొగుణ్ణి! తియ్యి ముందు!" అని టవరంతా వినపడేలా అరిచాను. లోపల్నించి వణికే గొంతుతో, "అరవకండి, పాప లేస్తాది. పక్క క్వార్టరు వాళ్ళని పిలుస్తాను," అంది. ఆ పాపకి ఇప్పుడు నలభై దాటాయి, పూణేలో ఉద్యోగం చేస్తోంది. పక్కన క్వార్టరు ఉన్నది ఎప్పుడో ఢిల్లీ కంటోన్మెంటులో. ఇది నోయిడాలో తొమ్మిదో అంతస్తు.

నా అరుపులకి ఎదురు ఫ్లాటు ఆంటీ బయటికొచ్చింది. పంజాబీ ఆవిడ, నా ఈడుదే, అయినా ఇక్కడ అందరికీ ఆంటీయే. "భాయీసాబ్, ధీరే! వో డర్ గయీ హై," అని, మెల్లగా మాట్లాడమని, ఆవిడ హడలిపోయిందని నన్ను కసిరి, ఒక స్టూలు తెచ్చి వేసింది. ఆ చలికాలం పొద్దున, మంకీ క్యాపు పెట్టుకుని, ఒళ్ళో పాలు పెట్టుకుని, సొంత ఇంటి బయట కూర్చున్నాను. లిఫ్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళు "నమస్తే అంకుల్‌జీ" అంటూ పోయారు. నేనూ నమస్తే చెప్పాను.

మా ఆవిడకి ఆల్జీమర్స్ అని డాక్టరు చెప్పి కొన్నేళ్ళయింది. మొదట్లో పులుసులో ఉప్పు రెండుసార్లు వెయ్యడం, మార్కెట్టు నుంచి వస్తూ వేరే టవరుకి వెళ్ళి ఎవరింటి బెల్లో కొట్టడం, అంతే. నేను వేళాకోళం చేసేవాణ్ణి కూడా. తర్వాత హిందీ పోయింది. కూరగాయల బళ్ళవాళ్ళతో గీసి గీసి బేరమాడిన హిందీ, ఒక ఎండాకాలంలో మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది మా శ్రీకాకుళం తెలుగు. పనిచేసే దీదీకి అది తెలియదు, ఆంటీకి తెలియదు, ఫోన్లో కూతురికి సగం అర్థమవుతుంది కానీ జవాబు హిందీలో ఇస్తుంది. ఈ టవర్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరికి నేనెవరో తెలియదు. మరీ ఉండబట్టకపోతే టీవీలో వార్తలు చదివేవాడితో తగవు పెట్టుకుంటాను.

గొలుసు సంగతికొస్తే, ఆ ఆర్డరు ఇచ్చింది నేనే. నన్ను ఫీల్డుకి, అంటే పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళనివ్వని సరిహద్దు పోస్టింగులకి, పంపినప్పుడల్లా ఆవిడా పాపా కంటోన్మెంటులో ఉండేవాళ్ళు. వరసగా అన్నీ అలాంటి క్వార్టర్లే, మగదిక్కు లేని ఇళ్ళు. నేను స్టేషనుకి బయల్దేరుతూ ప్రతిసారీ ఒకటే చెప్పేవాణ్ణి: "ఎవరొచ్చినా గొలుసు తియ్యకు. మా యూనిట్ నుంచి కబురు తెచ్చినవాడైతేనే తియ్యి." ఆవిడ నుదుటికి చెయ్యి పెట్టి "ఎస్ సార్" అని వెక్కిరించేది. ఇప్పుడు నా పేరు మర్చిపోయింది, నా ముఖం మర్చిపోయింది, ఆ ఆర్డరు మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తోంది. అంత క్రమశిక్షణ నా కింద పనిచేసినవాళ్ళలో ఒక్కడికీ ఉండేది కాదు.

ఒకసారి ఆ గొలుసు ఊడబీకించాను. ఆ రోజంతా తలుపుకి కుర్చీ అడ్డం వేసుకుని, దాని మీద కూర్చుని, గజగజ వణుకుతూనే ఉంది. మంచినీళ్ళకి కూడా లేవలేదు. సాయంత్రానికి కార్పెంటర్ని మళ్ళీ పిలిచి బిగించాను.

ఇంట్లో ఉన్నంతసేపూ నాతో పేచీ లేదు. ఎవరో ఇంటి మనిషి అనుకుంటుంది. గోళ్ళు తీస్తానంటే చెయ్యి ఇస్తుంది. నేను గడప దాటి వెనక్కి వస్తే మాత్రం పరాయివాణ్ణి అయిపోతాను. పోనీ ఆ పాల నడక మానేద్దామంటే, రోజు మొత్తంలో నాకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని వదులుకుంటే నాకూ మతిపోయేలా ఉంది.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక పొద్దున ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు నాకు పాత పద్ధతి ఒకటి గుర్తొచ్చింది. ఇంట్లో ఫోన్లు లేని ఆ రోజుల్లో, మాలో ఎవడికి సెలవు దొరికినా ఆ దారిలో ఉన్న తోటివాళ్ళ ఇళ్ళకి కబురు మోసుకెళ్ళాలి. తన ఇంటికి చేరేముందే రెండు మూడు గుమ్మాలెక్కి, క్యాంటీను దుప్పటో, సబ్బులో చేతిలో పెట్టి, "మీవారు క్షేమం" అని చెప్పి, వాళ్ళు పెట్టింది తిని, తిరుగు మూట తీసుకుని బయటపడాలి. నేను అలా ఎన్ని గుమ్మాలెక్కానో. లేచి, గొంతు సవరించుకుని, అదే మాట మా గుమ్మం ముందు చెప్పాను.

"అమ్మా, మీవారి యూనిట్ నుంచి వచ్చాను. సెలవు మీద పోతున్నాను. ఇంట్లో కబురు చెప్పి పొమ్మన్నారు."

గొలుసు గలగలమంది. తలుపు బార్లా తెరుచుకుంది.

"ఓలమ్మ! ఆ మాట ముందు చెప్పొద్దా అన్నయ్యగారూ! రండి, రండి, చలిలో నిలబడిపోనారు."

అన్నయ్యగారూ! తాళి కట్టిన పెళ్ళాం నోట అన్నయ్య అనిపించుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆంటీకి మా భాష రాదు కనక, "ఖుల్ గయా? చలో, అచ్ఛా హువా," అని స్టూలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నించి రోజూ పొద్దున్న నేను మా ఇంటికి చుట్టాన్ని. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తుంది. తను ఎదురుగా కూర్చోదు. కొంగు భుజాల చుట్టూ లాక్కుని, వంటింటి గోడకి చేరగిలబడి మాట్లాడుతుంది. తలుపు మూయనివ్వదు. పరాయి మగవాడు ఇంట్లో ఉన్నప్పుడు తలుపు తెరిచే ఉండాలి, అది కూడా క్వార్టర్ల పద్ధతే. నోయిడా పొగమంచు తిన్నగా నా మోకాళ్ళ మీదకే వస్తుంది. "మూసెయ్యనా అమ్మా?" అంటే, "వద్దండి, ఎవరైనా చూస్తే ఏటనుకుంటారు," అంటుంది. ఇంటాయన్ని ఇంట్లో చూసి ఎవడేమనుకుంటాడే అని నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. ఆవిడ అన్నయ్య అన్నాక నేను చెల్లెమ్మా అనడం మర్యాద. ఆ మాట మాత్రం ఎంత ప్రయత్నించినా నా నోట రాలేదు. అమ్మా అనే సరిపెట్టుకున్నాను.

ఆవిడ ప్రశ్నలన్నీ ఆయన గురించే.

"చలి ఆగుతోందా ఆయనకి? చెవులకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోరు."

"కట్టుకుంటున్నారమ్మా," అన్నాను, నా మంకీ క్యాపు కిందకి లాక్కుంటూ.

"అన్నం పెడతన్నారా? రొట్టెలు పడవు ఆయనకి."

"దొరికినప్పుడు పెడుతున్నారు."

"మరి కోపం తగ్గిందా?"

"ఎవరికమ్మా?"

"ఆయనకే. అరిచేస్తారు, మళ్ళీ కాసేపటికి తనే వొచ్చి నా చుట్టూ తిరుగుతారు. పైకి పులిలా ఉంటారు గానీ అన్నయ్యగారూ, గట్టిగా ఉరిమితే నా పక్కన చేరిపోతారు."

ఉరుమంటే నాకు భయమా! మంచు కొండల మీద ఫిరంగుల మోత విన్నవాణ్ణి. మీసం దువ్వుకుని, "మాకెప్పుడూ అలా కనపడలేదే," అన్నాను కాస్త గట్టిగానే. "మీకేటి తెలుసు," అని ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది. నిజం చెప్పాలంటే, ఆ ఫీల్డులో ఉన్నవాడి మీద నాకు కుళ్ళు పుట్టింది. పక్కనే కూర్చుని జావ తాగించేవాణ్ణి నేను, మూత్రంతో తడిసిన పక్క మార్చేవాణ్ణి నేను, ముద్దుగా తలుచుకునేది వాణ్ణి.

వెళ్ళేటప్పుడు తిరుగు మూట తప్పదు. వంటింట్లోకి వెళ్ళి, వెతికి వెతికి, ఏదో ఒకటి పాత పేపర్లో చుట్టి తెస్తుంది. "ఇది ఆయనకి ఇవ్వండి. జాగర్త." ఒకరోజు దానిలో టీవీ రిమోటు, రెండు బంగాళాదుంపలు ఉన్నాయి. ఇంకోరోజు నేను ముందురోజంతా ఇల్లు తలకిందులు చేసి వెతుక్కున్న కళ్ళజోడు. దాన్ని పట్టుకుని నేను బయటికి రావాలి, లేకపోతే ఊరుకోదు. కింద పార్కులో ఒక చుట్టు తిరిగేవాణ్ణి. ఈలోగా దీదీ పనికొస్తే, ఆడమనిషని గొలుసు తీసేది, ఆ వెనకే నేనూ లోపలికి జొరబడేవాణ్ణి. ఒక పొద్దున మూటలో మేరీ బిస్కట్లు పెట్టింది. పార్కు బెంచీ మీద కూర్చుని అవన్నీ తినేశాను. ఎవరికి పంపిందో వాళ్ళకే చేరాయి. చుట్టిన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాను.

కబురు మోసే మాకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఇంట్లోవాళ్ళు ఎంత అడిగినా, "ఫలానా రోజు వస్తున్నాడు" అని చెప్పకూడదు. సెలవు మంజూరయ్యాక కూడా చివరి క్షణంలో రద్దవుతుంది, దారి మూసుకుపోతుంది, అక్కడ ఇంట్లో వాళ్ళు వండుకుని కూర్చుంటారు. నావీ అలా ఎన్నో సెలవులు రద్దయ్యాయి. ఆ కబురూ ఎవడో ఒకడు మా క్వార్టరుకి మోసుకెళ్ళేవాడు. తిరిగొచ్చాక పట్టుకుని అడిగేవాణ్ణి, "ఏమందిరా మా ఆవిడ?" అని. "వదిన గట్టిది అన్నా. నవ్వుతూ భోజనం పెట్టి పంపింది," అనేవాడు. ఎవణ్ణి పంపినా అదే జవాబు. బాధపడనందుకు సంతోషించాలి కదా? నాకు లోపల ఉక్రోషంగా ఉండేది. ఒకసారి ఇంటికొచ్చాక అడిగేశాను కూడా. "ఏటి, మీరు రాకపోతే నేను గోడకి తల బాదుకోవాలా?" అని పాలగిన్నె దించడానికి వెళ్ళిపోయింది.

ఈ కట్టుబాటు నాకు కంఠతా వచ్చు. అయినా తప్పాను.

దానికి ముందురోజు సాయంత్రం కూతురు వీడియో కాల్ చేసింది. గుర్గావ్‌లో ఇలాంటివాళ్ళని చూసుకునే చోటు ఒకటి ఉందట, నర్సులుంటారట. "పాపా, ఆప్ అకేలే కబ్ తక్ కరోగే? మమ్మీ వహాఁ ఠీక్ రహేగీ," అంది. నేనొక్కణ్ణీ ఎన్నాళ్ళని చేస్తాను, అమ్మ అక్కడ బాగానే ఉంటుందని. తప్పుగా ఏమీ అనలేదు పిల్ల. నేనే కస్సుమన్నాను, ఫోను పెట్టేశాను. ఆ తర్వాత ఎంత సర్దిచెప్పుకున్నా మనసు నిలవలేదు. ఈవిణ్ణి అక్కడ పెట్టేస్తే, పొద్దున్నే పాలు పట్టుకుని నేను ఏ తలుపు ముందు నిలబడాలి? తాళం తీసుకుని లోపలికి వెళ్ళి ఎవరితో మాట్లాడాలి?

మర్నాడు ఆ గుబులుతోనే కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ మామూలుగా అడిగేదే అడిగింది. "ఎప్పుడొస్తారు అన్నయ్యగారూ?"

"వచ్చే వారం వస్తున్నారమ్మా. సెలవు మంజూరైంది," అనేశాను.

ఆ ముఖం వెలిగింది చూడండి! రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని, "నిజంగానా? నిజంగానా?" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసమే అన్నాను, ఇంకెందుకూ కాదు. పైగా మధ్యాహ్నానికి మర్చిపోతుందిలే అని ధీమా. కొత్త సంగతులేవీ ఆవిడ బుర్రలో నిలవవని డాక్టరే చెప్పాడు కదా.

ఇది నిలిచింది. ఏ గూట్లోకి పోయి కూర్చుందో ఏమో, ఊడి రాలేదు.

మధ్యాహ్నం దీదీ కంచం పెడితే వెనక్కి తోసేసింది. "ఆయనొచ్చేక తింటాను." దీదీకి అర్థంకాక నావైపు చూసింది. రాత్రీ అంతే. మర్నాడూ అంతే. కొత్త చీర కట్టమని దీదీకి సైగలు చేసి, తల దువ్వించుకుని, బాల్కనీలో కూర్చుని కింద గేటువైపు చూడటమే పని. ముద్ద నోటిదగ్గరికి తీసుకెళ్తే పెదాలు బిగించేసేది. బతిమాలాను. కోప్పడ్డాను. ఆ తర్వాత ఏడుపొచ్చి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పాను. ఎంతో బలవంతం మీద రెండు గుక్కల పాలు దిగేవి. మోచేతుల దగ్గర చర్మం వేలాడటం మొదలైంది.

"నేనేనే, వచ్చేశాను, చూడు," అని ఒకసారి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, "మీరు ఇంటికెళ్ళి పడుకోండి అన్నయ్యగారూ. మీ వాళ్ళు ఎదురుచూస్తంటారు," అంది.

డాక్టరుని పిలిపించాను. ఆయన నాడి చూసి, ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనన్నాడు. ముక్కులో గొట్టం పెట్టుకుని ఊరుకునే మనిషా ఈవిడ? లాగేస్తుంది, చేతులు కట్టేస్తారు. కూతురు ఫోను చేసి సోమవారం వస్తున్నానంది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఆ గుర్గావ్ చోటికే తీసుకెళ్దామంది. ఈసారి కస్సుమనకుండా, ఎన్ని గంటలకి దిగుతావని మాత్రం అడిగాను. ఈలోగా ఆవిడ చేత నాలుగు ముద్దలు తినిపించాలి, అంతే. తినకపోతే మనిషి నా చెయ్యి దాటిపోతుంది.

అప్పుడు బాగా ఆలోచించి, వయసుకి తగని పని ఒకటి చేశాను. ఆయన వస్తే తప్ప తిననంటోంది కదా, ఆయన్నే రప్పిద్దామనుకున్నాను. మార్కెట్లో మంగలి దగ్గరికెళ్ళి జుట్టుకీ మీసానికీ నల్లరంగు వేయించుకున్నాను. "అంకుల్‌జీ, షాదీ హై క్యా?" అని వాడు పళ్ళికిలించాడు. "హాఁ, దూల్హా మైఁ హీ హూఁ," అన్నాను, పెళ్ళికొడుకుని నేనేనని. అటక మీంచి నా నల్ల ట్రంకు పెట్టె దింపించి, ఆవిడ కళ్ళబడకుండా ఆంటీ ఇంట్లో దాచాను. ఆ పెట్టె మీద నా నంబరు, హోదా, పేరు తెల్లరంగుతో రాసి ఉంటాయి. రాసింది మా ఆవిడే. హోదా మారినప్పుడల్లా పాతది చెరిపి, నాలుక కొరుక్కుంటూ, కుంచెతో కొత్తది రాసేది. అక్షరాలన్నీ ఒకవైపుకి వాలి ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నం దీదీ వంట చేసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మా ఆవిడ బాల్కనీలో ఉండగా నేను చప్పుడు కాకుండా బయటికొచ్చి, ఆంటీ ఇంట్లో పాత ఊలుకోటు తొడుక్కుని, పెట్టె భుజానికెత్తుకున్నాను. ఒకప్పుడు ఒంటిచేత్తో ఎత్తిన పెట్టె, ఖాళీదే, అయినా నడుం కలుక్కుమంది. ఆంటీ నా నల్లమీసం చూసి నవ్వబోయి, మళ్ళీ ఏమనుకుందో ఊరుకుంది. "జాయియే," అంది మెల్లగా.

బెల్లు కొట్టాను. 

గొలుసు సందులోంచి ఆవిడ కళ్ళు ముందు నా ముఖం మీద పడ్డాయి, అక్కడ ఆగలేదు. పెట్టె మీద ఆగాయి. గొలుసు తీసేసి ఒక్క అంగలో గడప దాటి వచ్చింది. ఆ వాలిన అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది.

"పెట్టె మాదే! ఇది మాదే!"

"అవును," అన్నాను. పెట్టె దించి, వీలైనంత నిటారుగా నిలబడ్డాను.

ఆవిడ నా భుజం పక్కనించి తొంగిచూసింది. లిఫ్టు వైపు, మెట్ల వైపు చూసింది.

"ఆయనేరీ? వెనకొస్తన్నారా? మీరు పెట్టె మోసుకుని ముందొచ్చేసేరా అన్నయ్యగారూ?"

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎవరో సామాను డెలివరీ ఇచ్చే మనిషి దిగి అటుపక్క ఫ్లాటుకి వెళ్ళిపోయాడు. ఆవిడ కళ్ళు అతని వెనకే వెళ్ళి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాయి. 'నేనే వచ్చాను' అనే మాట రాత్రంతా సాధన చేసి ఉంచుకున్నాను. అది నోట్లోంచి రాలేదు. వచ్చినా లాభం లేదని ఆ చూపుతోనే తెలిసిపోయింది. 'వెనకొస్తున్నారు' అంటే ఇలాగే నిలబడి చూస్తుంది, తినదు. ఇక నా దగ్గర ఒక్క కబురే మిగిలింది.

"సెలవు రద్దయిందమ్మా. పెట్టె నాతో పంపించారు. మళ్ళీ ఎప్పుడో చెప్పలేనన్నారు."

నా సెలవు రద్దయిన కబురు వినేటప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాను, ఆ కబురు పంపిన రోజుల్లో నేను కొండల మీద ఉండేవాణ్ణి కదా. ఇప్పుడు చూశాను. ముందు ఏమీ కాలేదు. "అలాగా," అంది. తర్వాత అక్కడే, గడపలో, ఆ పెట్టె మీద కూలబడిపోయింది. కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. లోపల పాప వింటుందని కాబోలు, గొంతు బయటికి రానివ్వలేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. అంత ఏడుపు ఆ ఒంట్లో ఉందని నాకు తెలియదు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేద్దామన్నా అన్నయ్యగారిని, వెయ్యడానికి లేదు. ఊలుకోటు బొత్తాం ఒకటి పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాను.

కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని లేచింది. నా ముందుకి అరచెయ్యి చాపింది.

"నేను ఏడ్చేనని ఆయనతో చెప్పకండి అన్నయ్యగారూ. నవ్వుతూ భోజనం పెట్టిందని చెప్పండి. వొచ్చినవాళ్ళందరి చేతా ఇలాగే ఒట్టేయించుకున్నాను. అక్కడ ఆయన ఒక్కరూ ఉంటారు గదా, బెంగెట్టుకుంటారు. ఒట్టెయ్యండి."

ఆ చేతిలో నా చెయ్యి వేశాను. "చెప్పనమ్మా," అన్నాను. ఆవిడ నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

"రండి, భోంచేద్దురుగాని. అంత దూరంనించి మోసుకొచ్చేరు."

"మీరు తింటేనే నేను తింటానమ్మా. మీరు తినడం కళ్ళారా చూసి రమ్మన్నారు. లేకపోతే నన్ను యూనిట్‌లోకి రానివ్వరు."

"అలా అన్నారా? అన్నీ ఆర్డర్లే ఆయనకి," అని విసుక్కుంటూ కంచాలు తీసింది. పప్పు మీద పెరుగు పోసింది, దాని మీద మళ్ళీ పప్పు వేసింది. ఇద్దరికీ అలాగే వడ్డించింది. వీధి తలుపు తెరిచే ఉంది, పెట్టె గడపలోనే ఉంది. ముఖం ఇంకా తడిగానే ఉంది గానీ, నావైపు చూసి నిజంగానే నవ్వింది. గట్టిది అన్నా, వదిన నవ్వుతూ భోజనం పెట్టింది అని చెప్పినవాళ్ళందరూ ఆ క్వార్టర్లో ఇలాగే కూర్చుని, ఇవే కళ్ళు చూసి, వేసిన ఒట్టు నిలబెట్టుకున్నారన్నమాట. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. ఎదురుగా ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.